తరంగాలకూ శివారు ఊళ్లున్నాయి



ప్రకాశం బ్యారేజీ కింద శివారు పొలాలకు నీరందకపోతే రైతులు వంతు అడుగుతారు. మరి పాడేరు, చింతూరు కొండల్లో సిగ్నల్ వంతు ఎవరు అడగాలి?

టీవీకి ఇచ్చిన 470-590 మెగాహెర్ట్జ్‌లో 15 ఛానళ్లు. దేశంలో దాదాపు ఎక్కడైనా కనీసం 12 ఖాళీయేనని ఐఐటీ బొంబాయి వాళ్లు 2014లో లెక్క తేల్చారు. తర్వాత దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు చాలావరకు మూతపడ్డాయి కూడా. ఈ తరంగాలు చెట్లను దాటుకుని దూరం పోతాయి. పాల్ఘర్ పల్లెల్లో వాళ్లు నెట్ ఇచ్చి చూపించారు.

దూరదర్శన్‌కి అడ్డు రాకూడదు, కావాలంటే వెంటనే తప్పుకోవాలి. ఆ షరతుతో వాడుకోనివ్వమనండి. నీళ్లైతే రిజర్వాయర్‌లో దాచొచ్చు, వాడని తరంగం ఏ రోజుకారోజు వృథానే. ముందు మన గ్రామసభల్లో తీర్మానం పెట్టిద్దాం.

జై ఆదివాసీ.