పగడాలను తరలించవచ్చు.. వాటిలోని ఏకకణ జీవుల మాటేమిటి?

గ్రేట్ నికోబార్ దీవిలో నౌకాశ్రయం, విమానాశ్రయం, టౌన్‌షిప్, విద్యుత్ కేంద్రం నిర్మించే భారీ ప్రాజెక్టుకు కేంద్రం 2022 నవంబరులో పర్యావరణ అనుమతి మంజూరు చేసింది. ప్రాజెక్టు ప్రాంతంలో గుర్తించిన 20,668 పగడపు సముదాయాల్లో 16,150 సముదాయాలను వేరే చోటికి తరలించాలన్నది ప్రణాళిక. ఈ లెక్కలో కనిపించని జీవి ఒకటుంది. తరలింపు ఫలిస్తుందా, విఫలమవుతుందా అన్నది చాలావరకు దానిపైనే ఆధారపడి ఉంటుంది.

పగడం ఒక జంతువు. దాని కణజాలంలో ‘డైనోఫ్లాజెల్లేట్లు’ అనే ఏకకణ జీవులు నివసిస్తాయి. ఒక చదరపు సెంటీమీటరు పగడంలో ఇవి పది లక్షలకు పైగా ఉండవచ్చు. సముద్రంలో స్వేచ్ఛగా సంచరించే దశలో వీటికి రెండు కశాభాలుంటాయి. ఒకటి కణం నడుముచుట్టూ ఉన్న గాడిలో చుట్టుకొని ఉంటుంది, రెండోది వెనుకకు సాగి ఉంటుంది. వీటి కదలికతో కణం గిరగిరా తిరుగుతూ ముందుకు సాగుతుంది. సంస్కృతంలో ‘కశ’ అంటే కొరడా. లాటిన్‌లో ‘ఫ్లాజెల్లం’కూ అదే అర్థం. ‘డైనో’ అన్న గ్రీకు మూలం సుడి తిరగడాన్ని సూచిస్తుంది.

పగడంలోకి చేరాక ఈ జీవి కశాభాలను విడిచి గుండ్రని కణంగా మారుతుంది. కిరణజన్య సంయోగక్రియతో తయారుచేసిన ఆహారంలో అధికభాగాన్ని ఆతిథేయికి అందిస్తుంది. బదులుగా ఆశ్రయాన్ని, నత్రజని వంటి పోషకాలను పొందుతుంది. పగడాల గోధుమ, బంగారు వన్నెలకు ప్రధాన కారణం ఇదే.

ఈ బంధానికి వేడి శత్రువు. వేసవి గరిష్ఠ సగటు కంటే సముద్రజలం ఒక డిగ్రీ సెల్సియస్ మేర అధికంగా వేడెక్కి, ఆ స్థితి కొన్ని వారాలు కొనసాగితే చాలు. ఏకకణ జీవుల్లో విషతుల్యమైన ఆక్సిజన్ సమ్మేళనాలు పేరుకుపోతాయి, పగడం వాటిని బయటకు నెట్టివేస్తుంది. మిగిలేది తెల్లని అస్థిపంజరంపై పారదర్శకమైన పొర మాత్రమే. వేడి త్వరగా తగ్గితే పగడం కోలుకోవచ్చు, లేదంటే ఆకలితో మరణిస్తుంది. అండమాన్ సముద్రం 1998, 2010, 2016 సంవత్సరాల్లో ఈ విపత్తును చవిచూసింది. ప్రపంచవ్యాప్తంగా నాలుగో శ్వేతీకరణ ఘట్టం కొనసాగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) ఉపగ్రహాలు నమోదు చేసే సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల ఆధారంగా శ్వేతీకరణ హెచ్చరికలు జారీచేస్తోంది. అండమాన్, నికోబార్ ఈ సేవ పరిధిలోనివే. అయితే ఉష్ణోగ్రత తెలిస్తే సరిపోదు. ఈ ఏకకణ జీవులన్నీ ఒకే జాతికి చెందినవి కావు. ‘డురుస్డీనియం’ ప్రజాతికి చెందినవి వేడిని ఎక్కువగా తట్టుకుంటాయి, కానీ వాటిని ఆశ్రయించిన పగడాల ఎదుగుదల మందగించే అవకాశముంది. తక్కిన వాటిలో చాలావరకు త్వరగా లొంగిపోతాయి. పైగా ఇవి తామున్న లోతుకు, అక్కడి వెలుతురుకు అలవాటుపడి ఉంటాయి. తవ్వకాలతో లేచే పూడిక ఆ వెలుతురునే అడ్డుకుంటుంది.

మలక్కా జలసంధికి చేరువలో ఉన్న ఈ దీవి వ్యూహాత్మక ప్రాధాన్యం కాదనలేనిది. తరలింపు శాస్త్రీయంగా సాగుతుందన్న హామీ కూడా ప్రభుత్వం నుంచి ఉంది. ఆ హామీకి కొలమానం ఎన్ని సముదాయాలను కదిలించారన్నది కారాదు. పగడాలను కదిలించే ముందే వాటిలో ఏ రకం ఏకకణ జీవులున్నాయో నమోదు చేయాలి. కొత్తచోట వెలుతురు, ఉష్ణోగ్రత వాటికి సరిపోతాయో చూడాలి. కనీసం ఒక తీవ్రమైన వేసవి గడిచాక ఎన్ని పగడాలు రంగు నిలుపుకొన్నాయో లెక్కించి, ఆ వివరాలు ప్రజల ముందుంచాలి. కన్ను చూడలేని జీవిని లెక్కలోకి తీసుకోకపోతే, 16,150 అన్న అంకె కాగితంపైనే మిగిలిపోతుంది.