కదలెడు బొమ్మలు

చీకటిగదిలో ఒంటరిగా నున్న బాలునకు మూలనున్న కుర్చీ కదలినట్లు తోచినచో, వాడు బోనులోని పులిని చూచినప్పటికంటె నెక్కువగా బెదరును. పులి కదలుట సహజము. కుర్చీ కదలుట సహజము కాదు. స్టాప్ మోషన్ అను పద్ధతిలో తీయబడిన గగుర్పాటు కథల చిత్రములకు గల ఆకర్షణమంతయు ఈ భేదమునందే యున్నది.

ఆ పద్ధతి చెప్పుటకు సులభము, చేయుటకు మిక్కిలి కష్టము. బొమ్మను బల్లపై నిలిపి ఒక ఛాయాచిత్రము తీయుదురు. దాని చేతిని వెండ్రుకవాసి జరిపి మరియొకటి తీయుదురు. తెరపై ఒక్క సెకనులో 24 చిత్రములు గడచును. ఒక్కొక్క భంగిమను రెండేసి మారులు తీసినను, నిమిషమాత్రపు ఆటకు 720 భంగిమలు కావలెను. తోలుబొమ్మలాటలో ఆడించు చేయి తెరవెనుక నుండనే యున్నది. పాటగాని గొంతుక చూపరులకు ధైర్యమిచ్చును. ఇచ్చటనో, చేయి రెండు చిత్రముల నడుమ వచ్చి, పని ముగించి తొలగిపోవును. మిగులునది తనంత తాను కదలెడు బొమ్మ. ఆ కదలికలోని సన్నని తొట్రుపాటును కొందరు దోషమందురు. ఆ తొట్రుపాటే లేనిచో గగుర్పాటును లేదు.

ఈ విద్యకు ఆద్యులలో నొకడగు స్టారెవిచ్, 1910లో నేటి లిథువేనియాలోని కౌనస్ నగరమున, కొమ్ములుగల పెంకుపురుగుల పోరును చిత్రింపబోయెను. దీపముల వెలుగు సోకగానే పురుగులు కదలక పడియుండెను. అంతట నతడు చచ్చిన పురుగుల కాళ్లను తీగలతోను లక్కతోను అతికించి, వానినే పోరాడించెను. 1912లో అట్టి పురుగులతోనే ఆలుమగల కలహమును కథగా తీయగా, అవి శిక్షణ పొందిన సజీవకీటకములని కొందరు భ్రమపడిరని ప్రసిద్ధి. కథ నవ్వు పుట్టించునదే. అయినను నవ్వువాని వెన్నులో చలి పుట్టును.

2022లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా వెలువడిన ‘ది హౌస్’ అను చిత్రము ఈ తెగలో మేలైనది. ఇల్లొక్కటే, కథలు మూడు. మూడింటిని వ్రాసినవాడు ఐర్లండు నాటకకర్త ఎండా వాల్ష్; దర్శకులు మాత్రము వేరువేరు. బెల్జియము దేశీయులగు ఎమ్మా ద స్వాఫ్, మార్క్ జేమ్స్ రూల్స్ తీసిన మొదటి కథలో, బీదకుటుంబమునకు ఒక వింత వాస్తుశిల్పి మేడ కట్టించి యిచ్చును. వెల లేని మేడ! తండ్రి పొంగిపోవును, తల్లి తెరలు కుట్టుచు మైమరచును. వారి కూతురు మేబెల్ మాత్రము, మెట్లు మాయమగుటయు గదులు మారుటయు గమనించును. తుదకు తండ్రి కుర్చీ యగును. తల్లి తెర యగును. ఆశపడిన వస్తువే మనిషి యగునని నోటితో చెప్పిన నది వట్టి నీతివాక్యము. ఇచ్చట నది కంటికి కనబడు నిజము. ఆ తల్లిదండ్రులు మొదటినుండియు ఉన్నియు గుడ్డయు గదా! మనుష్యులు నటించిన చిత్రమునకు ఈ బలము రాదు.

రెండవ కథలో, ఇల్లు బాగుచేసి అమ్మజూచు ఎలుక యొకటి గోడలలోని పురుగులతో పోరి ఓడును. స్వీడను దర్శకురాలు నికి లిండ్రోత్ ఫాన్ బార్ తీసిన ఈ భాగము కఠినము, అందరికి రుచింపదు.

కథ చిన్నదగుటయు నొక లాభము. దీర్ఘకథలో భయమునకు కారణము చెప్పక తప్పదు. చెప్పినంతనే భయము సగము చచ్చును. చిన్నకథ చెప్పకముందే ముగియును.

ఇట్టి చిత్రములు పిల్లల మనస్సులను చెరచునని పెద్దలు కొందరందురు. పసివాండ్రకు తగవనుట నిజమే. రాత్రి నిద్ర పట్టదు. కాని భుజముపై శవమును మోయుచు విక్రమార్కుడు వినిన భేతాళకథలు ఇరువదియైదును ఎట్టివి? తరతరముల బాలురు అవ్వల యొడిలో వానిని విని, మరునాడు మరల చెప్పుమని వేధించిరే కాని చెడిపోలేదు. వారు కోరినది ఒట్టి భయమును కాదు; భయపడుచు ఆలోచించుటను.

మూడవ కథను బ్రిటిషు దర్శకురాలు పాలోమా బాయెసా తీసెను. అందు లోకమంతయు నీట మునిగినది. రోజా అను పిల్లి తన యింటిని విడువజాలక, అద్దె రాకున్నను, నీరు గుమ్మమును తాకుచున్నను, గోడలకు కాగితము అంటించుచుండును. అద్దెవాండ్రు ఒక్కొక్కరే వెడలిపోవుదురు. తుదకామె ఒక మరను లాగును. ఇల్లు పునాదినుండి కదలి, నీటిపై ఓడవలె సాగిపోవును. మొదటి కథలో ఇల్లు కదలుట చూచి వణకిన చూపరి, ఇప్పుడది కదలుట చూచి ఊపిరి పీల్చుకొనును.