బకెట్ ఎవరు మోస్తారు?

మరుగుదొడ్డి గురించి సాహిత్య పత్రికలో ఏమిటని మొహం చిట్లించేవాళ్లు ఈ పేజీ తిప్పేయవచ్చు. ‘నీలిమేఘాలు’ వచ్చిన 1993 నుంచి లెక్కేసినా మూడు దశాబ్దాలకు పైగా మనం శరీరం గురించి రాస్తున్నాం. మంచం దిగలేని స్త్రీ పొద్దున్నే ఎక్కడికి పోతుందన్న ప్రశ్న మాత్రం మన శరీర రాజకీయాల్లోకి దాదాపు రానేలేదు.

2014లో స్వచ్ఛ భారత్ మొదలైంది. పల్లెల్లో ఇంటికి 12,000 రూపాయలిచ్చి దొడ్లు కట్టించారు. 2019 అక్టోబరు 2న దేశంలోని పల్లెలన్నీ బహిరంగ మలవిసర్జన నుంచి విముక్తమయ్యాయని ప్రకటించారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెలూ ఆ లెక్కలోవే. లెక్కపెట్టింది గదుల్ని, మనుషుల్ని కాదు. గది పెరట్లో ఉంటుంది. ముందు రెండు మెట్లు, ఇరుకు తలుపు, లోపల నేలబారు బేసిను. నడుము కింద చచ్చుబడిన మనిషికి అది ఆమడ దూరం.

అందుకే ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కన్నం కోసి కింద బకెట్ పెడతారు. కోసిన అంచు తొడల్ని ఒరుస్తుంది. స్పర్శ లేని ఒంటికి అది పుండయ్యేదాకా తెలియదు. ఆడవాళ్లకు ఇంకో దారి ఉంది: నీళ్లు తాగడం మానేయడం, మగవాళ్లు బయటికి వెళ్లేదాకా బిగబట్టుకోవడం. ఇక ఆ బకెట్ ఎత్తేది అమ్మో, కోడలో, బడి మానేసిన చెల్లెలో. పాకీపనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. కులం పేరుతో మోయించినదానితో దీన్ని పోల్చడం లేదు. కానీ ఇంటి ఆడది మోస్తే అది పనే కాదు, ప్రేమ!

కావలసిన వస్తువు ఆకాశం నుంచి ఊడిపడేదేమీ కాదు. మంచం ఎత్తుకు సరిపోయే సీటు, మంచం మీంచి జరగడానికి పక్కకు దించగల చెయ్యి, బ్రేకున్న చక్రాలు, బిగుతు మూతున్న గిన్నె, కూర్చునే కడుక్కునే వీలు. బహిష్టు రోజుల్లోనూ పనికిరావాలి. 2019 నుంచి పెనుకొండ దగ్గర కార్లు తయారవుతున్నాయి. కుర్చీకి నాలుగు చక్రాలు బిగించడం ఈ నేలకు చేతకాదా? కూర్చునేవాళ్లనూ, ఎత్తేవాళ్లనూ ముందు అడగాలి, అంతే.

డబ్బు మాటకొస్తే, 1981 నుంచీ ఉన్న ఎడిప్ పథకం కింద శిబిరాలు పెట్టి పరికరాలు పంచుతారు. మంచం దిగలేని మనిషి శిబిరానికెలా వస్తుంది? 2017 నాటి వయోశ్రీ అరవై దాటినవాళ్లకే. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు పింఛను 15,000 చేశారు, సంతోషం. అది మందులకూ తిండికీ పోతుంది. ఇక స్వచ్ఛంద సంస్థలున్నాయి కదా అంటారు. 1969 నుంచి అనంతపురంలో పనిచేస్తున్న ఆర్డీటీకి 2025లో విదేశీ నిధుల అనుమతి ఆగితే జనం రోడ్డెక్కాల్సి వచ్చింది. ఒక మనిషి మలవిసర్జన ఇంకొకరి దయ మీద, ఢిల్లీ సంతకం మీద ఆధారపడాలా?

ఇటుకలకు ఇచ్చినట్టే కుర్చీకీ సర్కారు డబ్బివ్వాలి. ఇంటికే తెచ్చి, కొలతలు తీసుకుని, చక్రం విరిగితే బాగుచేసివ్వాలి. రోజూ గిన్నె కడిగే మనిషికి కూలి ఎంతో కూడా ఆ ఉత్తర్వులోనే రాయాలి.