బాలామృతం ప్యాకెట్ ఇంట్లో, అమ్మ షిఫ్టులో

హాస్టల్లో వే ప్రొటీన్ గ్రాములు లెక్కపెట్టే మిత్రులారా, అంగన్‌వాడీ బాలామృతం సంగతి తెలుసా? 3 ఏళ్ల లోపు పిల్లలకి నెలకి 2.5 కేజీల ప్యాకెట్. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 5 ఏళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. అంతకుముందు సర్వేలో 31.4. తగ్గింది అంతే!

నన్నడిగితే లోటు పొడిలో లేదు. అచ్యుతాపురం సెజ్‌లో పనికి తెల్లారకుండానే బస్సెక్కే అమ్మ ఇంట్లో లేకపోతే, చంటిదానికి రోజుకి నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా తినిపించేదెవరు? మామ్మ ఒక్కసారి కలిపి పెడుతుంది. మిగతాది పెద్దపిల్లలు ఉండలు చేసుకుని తినేస్తారు (వాళ్లకీ ఆకలే కదా, తప్పనలేం). 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసేచోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని 2017 ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ చెప్పింది. ఆ గుడ్డూ, ఆ బాలామృతమూ అక్కడే పెడితే, అమ్మ విరామంలో వచ్చి తనే తినిపించుకుంటుంది.