తోక చూసి పేరు చెప్పేవారు



వేసవి సెలవుల బైబిలు పాఠశాలలో యోనా కథ చెప్పిన ప్రతిసారీ పిల్లలు ఏదో ఒక చిక్కు ప్రశ్న వేస్తారు. గ్రంథంలో 'గొప్ప మత్స్యము' అని మాత్రమే ఉన్నది, తిమింగలమని లేదు అని నేను చెప్పి ఊరుకునేవాడిని. ఈ యేడు ఐదో తరగతి చదివే ఒక పాప లేచి, "అయ్యగారూ, తిమింగలాలు ప్రతి యేడూ ఒకే చోటుకి వస్తాయని మా పాఠంలో ఉంది. నిరుడు వచ్చిందీ, ఈ యేడు వచ్చిందీ ఒకటేనని ఎలా తెలుస్తుంది? దాని మీద పేరు రాసి ఉండదు కదా!" అన్నది. నాకు జవాబు తెలియలేదు. రేపు చెబుతానమ్మా అన్నాను గాని, ఆ రేపు వచ్చేసరికి నెల పట్టింది. చదివింది మీతోనూ పంచుకుంటున్నాను.

ముందు పాత పద్ధతి చెప్పాలి. 1930లలో శాస్త్రజ్ఞులు దక్షిణ సముద్రాలలో తిమింగలాల రాకపోకలు తెలుసుకోవడానికి ఉక్కుతో చేసిన చిన్న గొట్టాన్ని తుపాకితో తిమింగలం ఒంట్లోకి కొట్టేవారు. దాని మీద ఒక నంబరు ఉండేది. తర్వాత ఎప్పుడో ఏ వేట ఓడవారో ఆ తిమింగలాన్ని చంపి, కోసి, కొవ్వు తీస్తున్నప్పుడు ఆ గొట్టం బయటపడితే, నంబరు చూసి "ఫలానా చోట గుర్తు పెట్టినది ఇక్కడిదాకా వచ్చింది" అని రాసుకునేవారు. అంటే, అది ఎక్కడికి వెళ్ళిందో తెలియాలంటే అది చావాలి. చచ్చిన తర్వాత మాత్రం ఇక ఎక్కడికీ వెళ్ళదు గదా!

ఇప్పుడు తోక సంగతికి వద్దాం. హంప్‌బ్యాక్ అనే గూని తిమింగలం నలభై, యాభై అడుగుల పొడవుండే జీవి. ఊపిరి పీల్చుకోవడానికి పైకి వచ్చి, తిరిగి లోతుకు దిగేటప్పుడు వీపును విల్లులా వంచి తోకను నీటిపైకి ఎత్తుతుంది. ఆ క్షణంలో తోక అడుగుభాగం కనబడుతుంది. అక్కడ నలుపు తెలుపు మచ్చలుంటాయి, గీతలుంటాయి, అంచులు చిరిగి ఉంటాయి. ఒకదానిది ఉన్నట్టు మరొకదానిది ఉండదు, మన వేలిముద్రలలాగే. 1970లలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బార్ హార్బర్ అనే ఊరి కాలేజీలో పనిచేసే స్టీవెన్ కటోనా, ఆయన సహచరులు ఈ తోకల ఫొటోలను ఒక జాబితాగా పోగుచేయడం మొదలుపెట్టారు. ఈనాడు ఉత్తర అట్లాంటిక్ జాబితాలో పదివేలకు పైగా తిమింగలాలున్నాయి.

అయితే ఇన్ని ఫొటోలు తీసిందెవరు? పరిశోధకుల దగ్గర ఉండేది ఒకటో రెండో పడవలు. రోజూ సముద్రం మీదికి వెళ్ళేది తిమింగలాలను చూపించే పర్యాటక పడవలే. 1975లో మసాచుసెట్స్‌లోని ప్రావిన్స్‌టౌన్ రేవులో ఆల్ అవెల్లార్ అనే పడవ యజమాని, చేపలు పట్టడానికి వచ్చేవారికి బదులు తిమింగలాలను చూడడానికి వచ్చేవారిని తీసుకెళ్ళడం ప్రారంభించాడు. చార్లెస్ మేయో అనే శాస్త్రజ్ఞుడు ఆ పడవ ఎక్కి ప్రయాణికులకు వివరించేవాడు. ఎన్ని గంటలకు, ఏ చోట, ఏ తిమింగలం, పక్కన పిల్ల ఉన్నదా, మేత తింటున్నదా అన్నది నోటుపుస్తకంలోకి ఎక్కేది. టిక్కెట్టు కొన్న ప్రయాణికుడు ముచ్చటపడి తీసిన ఫొటో కూడా, తేదీ, స్థలం సరిగా ఉంటే, సాక్ష్యమే.

ఈ రేవువారికి బాగా ఇష్టమైన తిమింగలం ఒకటుంది. దాని వీపు మీది రెక్కపై ఉప్పు పేరుకున్నట్టు తెల్లని మచ్చలు ఉండడంతో అవెల్లార్ కుటుంబం దానికి సాల్ట్, అంటే ఉప్పు, అని పేరు పెట్టింది. మొదట అది ఆడదో మగదో ఎవరికీ తెలియదు, పైకి చూసి చెప్పడం కష్టం. 1980లో పక్కన పిల్లతో కనబడినప్పుడు తల్లి అని తెలిసింది. ఆ తర్వాత డజనుకు పైగా పిల్లలను తెచ్చింది. వాటికి పెట్టిన పేర్లు చూడండి: టబాస్కో, వసాబి, సోయా. ఉప్పుకు పుట్టినవారందరూ వంటింటివారే! మన కోనసీమలో ఇలాటి పడవలుంటే ఆవకాయ అని ఒకదానికి తప్పక పెట్టేవారు.

నవ్వు పక్కన పెడితే, సాల్ట్ నేర్పింది చాలా ఉంది. వేసవి అంతా ఆ మెయిన్ సింధుశాఖలో చిన్న చేపలు మెక్కి కొవ్వు పట్టిన తిమింగలాలు చలికాలంలో ఎటు పోతాయో వెనక సరిగా తెలియదు. ఒక శీతాకాలం డొమినికన్ రిపబ్లిక్ దగ్గరి వెచ్చని నీళ్ళలో తీసిన ఫొటోలో సాల్ట్ కనబడింది. దాదాపు 2,500 కిలోమీటర్ల దూరం! ఉత్తరాన భోజనం, దక్షిణాన పురుడు అని రుజువైంది. ఆ వెచ్చని నీళ్ళలో మేత దాదాపు ఉండదు. తల్లి తన ఒంటి కొవ్వు కరిగించుకుంటూనే పిల్లకు పాలిస్తుంది, మళ్ళీ ఉత్తరానికి ఈదుతుంది. పిల్ల ఏడాది పాటు తల్లి వెంట ఉండి, ఆ ఒక్క ప్రయాణంలో దారి, మేతచోటు నేర్చుకుంటుంది. తర్వాత ఒంటరిగా తిరిగినా తల్లి చూపిన చోటుకే చేరుతుంది. సాల్ట్ కూతుళ్ళు తమ పిల్లలను తెచ్చింది కూడా అమ్మమ్మ మేసిన ఆ నీళ్ళకే. ఈ సంగతి ఒక్క యేడు చూస్తే తెలిసేది కాదు. నలభై యేళ్ళకు పైగా ఒకే రేవు నుండి పడవలు వెళ్ళి, మనుషులు మారినా నోటుపుస్తకం ఆగకపోవడంచేత తెలిసింది.

కొన్ని మాత్రం దారి తప్పుతాయి, లేక కొత్త దారి పడతాయి, ఏమనాలో తెలియదు. 1999లో బ్రెజిల్ తీరాన ఫొటో తీసిన ఒక ఆడ తిమింగలం 2001లో మడగాస్కర్ దగ్గర పర్యాటక పడవవారి కెమెరాకు చిక్కింది. 9,800 కిలోమీటర్లకు పైమాటే. దాన్ని మించిన మగది ఒకటి, 2013లోనూ 2017లోనూ కొలంబియా దగ్గర పసిఫిక్ సముద్రంలో కనబడి, 2022లో ఆఫ్రికా పక్కన జాంజిబార్ కాలువలో కనబడింది. 13,046 కిలోమీటర్లు! తోడు కోసమో, మేత కోసమో అని పండితులు ఊహిస్తున్నారు. ఈ జత కుదిరింది 2015లో టెడ్ చీస్‌మన్ మొదలుపెట్టిన హ్యాపీవేల్ అనే సేకరణలో. లోకమంతటి నుండి పర్యాటకులు పంపిన తోకల ఫొటోలను అక్కడ కంప్యూటరు పోల్చి చూస్తుంది. కటోనాగారి కాలంలో బల్ల మీద ఫొటోలు పరచుకుని ఒక్కొక్కటే కంటితో పోల్చేవారు.

ఇంత చెప్పాక దీని లోపం కూడా చెప్పకపోతే అన్యాయం. పర్యాటక పడవ పగటిపూటే వెళ్తుంది, గాలివాన లేనప్పుడే వెళ్తుంది, రేవుకు దగ్గరగానే తిరుగుతుంది, నిన్న తిమింగలం కనబడిన చోటికే ఇవాళా వెళ్తుంది. అందుచేత పటంలో చుక్కలన్నీ రేవుల చుట్టూ గుమిగూడతాయి. తిమింగలాలన్నీ అక్కడే ఉన్నాయని కాదు, మనుషులు అక్కడ చూశారని అర్థం. పడవ ఎన్ని గంటలు తిరిగిందీ, ఏమీ కనబడక వట్టి చేతులతో వచ్చిన రోజులెన్ని అన్నదీ రాసుకుంటేనే లెక్కకు విలువ. వట్టి చేతుల రోజును రాయడం ఎవరికీ ఇష్టముండదు, నా సందర్శనల పుస్తకంలో తాళం వేసి ఉన్న ఇళ్ళను నేనూ రాయను. పైగా పడవలు మరీ దగ్గరకు పోతే తల్లీపిల్లలు బెదురుతాయి. అందుకే దూరం, వేగం విషయమై నియమాలు పెట్టారు.

ఈ చుక్కల వలన ప్రయోజనమేమిటి అని అడిగేవారికి బోస్టన్ రేవు సంగతి చెబుతాను. ఆ రేవుకు వచ్చే పెద్ద ఓడల దారి సరిగ్గా తిమింగలాలు మేసే చోటు మీదుగా ఉండేది. ఓడ ముందుభాగం తగిలితే తిమింగలం బతకదు, ఒక్కొక్కసారి ఓడవారికి తెలియను కూడా తెలియదు. పాతికేళ్ళ చూపుల లెక్కలను పటం మీద పరచి చూస్తే, దారిని కొంచెం ఉత్తరానికి జరిపితే ముప్పు బాగా తగ్గుతుందని తేలింది. 2007 జులై 1న దారి మార్చారు. ఓడకు అదనంగా పట్టేది 10 నుండి 22 నిమిషాలు. రైటు తిమింగలాలకు ఢీకొనే ప్రమాదం 58 శాతం, మిగతా పెద్ద తిమింగలాలకు 81 శాతం తగ్గుతుందని అంచనా వేశారు.

అవే ఫొటోలు దుఃఖవార్త కూడా తెచ్చాయి. ఉత్తర పసిఫిక్‌లో గూని తిమింగలాల వేటను 1966లో నిషేధించాక వాటి సంఖ్య పెరుగుతూ 2012లో 33 వేలు దాటింది. 2014 మొదలు 2016 వరకు ఆ సముద్రం అసాధారణంగా వేడెక్కి మేత తగ్గింది. 2021కి అవి సుమారు 26,600 మిగిలాయి. ఏడు వేల తోకలు మళ్ళీ నీటిపైకి లేవలేదు. ఎవరూ కళేబరాలను లెక్కపెట్టలేదు. ఏటేటా వచ్చేవి రాకపోవడాన్ని లెక్కపెట్టారు.

మన దిక్కున అరేబియా సముద్రంలో కూడా గూని తిమింగలాలున్నాయి. వంద కూడా లేవంటారు. ఇవి మంచు సముద్రాలకు పోవు, ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటాయి. 2017లో ఒమాన్ దగ్గర లుబాన్ అనే ఆడదానికి ఉపగ్రహంతో మాట్లాడే పరికరం అమర్చితే, అది సముద్రం దాటి గోవా తీరానికి వచ్చి, కన్యాకుమారి వైపు దిగి, తిరిగి ఒమాన్ చేరింది. మన పడమటి తీరంలో ప్రావిన్స్‌టౌన్‌లాగా రోజూ తిమింగలాల కోసం వెళ్ళే పడవలు లేవు. వలకు వెళ్ళే జాలరులే వాటిని చూస్తారు. వారు ఒడ్డుకు వచ్చి చెప్పింది రాసుకునే పరిశోధకులు కొందరున్నారు. ఆ పాపకు ఇదంతా చెబితే, "అయితే మా మావయ్య కాకినాడలో బోటు మీద వెళ్తాడు, తోక కనబడితే ఫొటో తీయమని చెప్తాను" అన్నది. తేదీ, చోటు కూడా రాసుకోమని చెప్పమ్మా అన్నాను.