కథావిమర్శ: కమలిని ఉత్తరము



ఈ మాసమున మేము విచారింప దలచినది గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’. ఇది 1910వ సంవత్సరమున ‘ఆంధ్రభారతి’ పత్రికయందు వెలువడెను. తెలుగున మొదటి కథ ఇదియే యని పలువు రందురు. అంతకు పూర్వమే, 1902లో, భండారు అచ్చమాంబగారు ‘ధనత్రయోదశి’ వ్రాసిన సంగతి మనము మరువరాదు.

కథ చిన్నది. గోపాలరావు స్త్రీవిద్యను మెచ్చు నవనాగరకుడు. సానిపాట మరిగి ఒక రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరును. పడకగదిలో భార్య కమలిని లేదు, బల్లమీద ఉత్తరమున్నది. తా నింట నుండుటచేతనే భర్తకు దినదినము కల్లలాడవలసి వచ్చుచున్నదనియు, అందుచే పుట్టింటికి పోవుచున్నాననియు వ్రాసినది.

ఆ ఉత్తరమున ‘ప్రియా’ యను పిలుపు లేదు. ‘అయ్యా’ యని మొదలు. అపరాధియైన భర్తపై కోపించు నాయికలను అలంకారికులు ధీర, అధీర, ధీరాధీర యని విభజించిరి. ధీర కేకలు వేయదు. వక్రోక్తితోడను అతివినయముతోడను నొప్పించును. నంది తిమ్మనగారి సత్యభామ తన పాదములకు మ్రొక్కిన కృష్ణుని శిరమును ఎడమకాలితో త్రోసినది. కమలినికి రెండక్షరముల మర్యాద చాలినది. నేరము తనపై వేసికొన్నట్లు వ్రాయుచునే భర్తను అసత్యవాది యని తేల్చినది గదా!

అంతట గోపాలరావు నౌకరైన రాముని లేపి, భార్యను తోడితెమ్మని బ్రతిమాలును. ఈశ్వరుడు పార్వతికి అర్ధదేహ మిచ్చెనని అర్ధరాత్రమున వానికి ఉపన్యాసము! రామునికి ఒక్క ముక్కయు బోధపడదు. (ఈ సంభాషణలు వాడుకభాషలో నున్నవి, గ్రాంథికమున వ్రాయు మాకును అవి అట్లుండుటయే సొంపుగా తోచును.) ఇంతలో మంచము క్రిందినుండి నవ్వు, గాజులచప్పుడు.

ఆ నవ్వుతో కథ తేలికపడిన దందురు. మే మట్లు తలపము. తానుండిన చోట భర్త నిజమాడడని కమలిని వ్రాసినది. తాను లేనట్లు దాగి ఆ నిజమును చెవులార విన్నది. ఉత్తరములోని తర్కమునే మంచము క్రింద పరీక్షించినది. వీధి దాటి నిజముగా వెడలియుండిన యెడల, 1910 నాటి లోకము విచారించునది గోపాలరావును కాదు, ఆమెనే.

మాకు మిగిలిన సందేహ మొకటి. ఆ రేయి అతని పశ్చాత్తాపమంతయు నౌకరు నెదుటనే. భార్య ముఖము చూచి అతడాడిన మాట కథలో ఒక్కటియు లేదు. నవ్వు వినబడగనే అప్పారావుగారు కలము దించిరి.