బేతాళుడి ప్రశ్నకి మన కథలో జవాబు ఉందా?

పోయిన సంచికలో ఈ గోడపత్రిక మీద నా కథ ఒకటి వచ్చింది. చాలామందే చదివారు. "బాగుందే" అన్నారు. ఇద్దరు ముగ్గురు చివరి పేరా ఫోటో తీసి స్టేటస్‌గా కూడా పెట్టుకున్నారు. నాకు గాల్లో తేలినట్టే ఉండింది.

కథ ఏమిటంటే, డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయికి ఇంట్లో పెళ్ళి కుదురుస్తారు. ఆ అమ్మాయి ఒక రాత్రి తండ్రి ముందు నిలబడి, చదువు విలువ గురించి ఒక పేజీ మాట్లాడుతుంది. తండ్రి కళ్ళు తుడుచుకొని "నువ్వు చదువుకో తల్లీ" అంటాడు. పెళ్ళి ఆగిపోతుంది.

రెండు రోజుల తర్వాత మన క్లాసు అమ్మాయి ఒకామె నన్ను క్యాంటీన్ దగ్గర ఆపింది. పేరు రాయను. ఈ సంగతి రాయడానికి మాత్రం ఆమెను అడిగే రాస్తున్నాను.

"నీ కథలో నాన్న ఎందుకు మారాడు?" అంది.

"కూతురు అంత బాగా మాట్లాడింది కదా" అన్నాను.

"నేనూ మాట్లాడాను. దాదాపు నువ్వు రాసినట్టే మాట్లాడాను. మా నాన్న లేచి ముందుగదిలోకి వెళ్ళి టీవీ పెట్టుకున్నారు."

ఆ మాటలో కోపం లేదు. నన్ను తప్పు పట్టడానికి అడగలేదు. ఆ తండ్రి ఎలా మారాడో తెలిస్తే తనకీ ఏమైనా పనికొస్తుందేమోనని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే, నా కథలో తండ్రి మారడానికి ఒక్కటే కారణం: పేజీ అయిపోవచ్చింది, నాకు మంచి ముగింపు కావాలి.

ఆ రోజు నుంచి కథలో లాజిక్ అనే విషయం నన్ను వదలడం లేదు. మనలో చాలామంది "కథే కదా, దానికి లాజిక్ ఎందుకు?" అంటాం. లాజిక్ అనేది లెక్కల క్లాసు సంగతి, కథకి మనసు ఉంటే చాలు అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

చిన్నప్పుడు మనలో చాలామంది ఇళ్ళలో చందమామ పాత సంచికలు ఉండేవి. 1947లో మన ఊళ్ళోనే, అప్పటి మద్రాసులో మొదలైన పత్రిక అది. అందులో బేతాళ కథలు గుర్తున్నాయా? విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకొని నడుస్తుంటాడు, శవంలోని బేతాళుడు కథ చెప్తాడు. కథ అయ్యాక ఒక ప్రశ్న అడుగుతాడు. ఫలానా మనిషి అలా ఎందుకు చేశాడు? అంత తెలివైనది చివర్లో ఆ వరం ఎందుకు వద్దంది? జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. రాజు చెప్తాడు. ఆ జవాబు ఎప్పుడూ బయటి నుంచి రాదు. మనం అప్పటికే విన్న కథలోనే ఉంటుంది, మనం గమనించి ఉండం, అంతే. మొదట్లో చెప్పిన ఒక చిన్న మాట, ఒక మనిషి స్వభావం, వాటిలోంచే రాజు జవాబు తీస్తాడు.

నాకు అర్థమైనంతలో కథలో లాజిక్ అంటే ఇదే. చదివినవాళ్ళు "ఎందుకు?" అని అడిగితే కథ లోపలే జవాబు ఉండాలి. కథ రాసినమ్మాయి క్యాంటీన్ దగ్గర నిలబడి చెప్పుకోవాల్సిన అవసరం రాకూడదు.

చిన్న తప్పులు కొన్ని ఉంటాయి, వాటి గురించి ఎక్కువ చెప్పను. సెంట్రల్లో రైలెక్కిన హీరోయిన్ గంటలో విజయవాడలో దిగుతుంది. మూడు తరాలుగా ఇక్కడే ఉన్న అవ్వ, ఇంట్లో "వస్తా ఉండాను" అనే అవ్వ, మన కథలోకి రాగానే టీవీ సీరియల్ తెలుగు మాట్లాడుతుంది. ఇలాంటివి ఒకసారి మళ్ళీ చదువుకుంటే మనకే దొరుకుతాయి. దిద్దుకోవచ్చు. మనుషుల విషయంలో చేసే తప్పు అంత సులువుగా దొరకదు. అది మనకి తప్పులా కూడా కనపడదు, మంచి ముగింపులా కనపడుతుంది.

"మాయలూ మంత్రాలూ ఉన్న కథల్లో లాజిక్ ఎక్కడుంది?" అని మా రూమ్మేట్ వాదించింది. నేను 'పాతాళభైరవి' గుర్తుచేశాను. 1951లో వచ్చిన సినిమా, అదీ మద్రాసులోనే తయారైంది. అందులో పాతాళభైరవి ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు కోరింది ఇస్తుంది. అది దొరకాలంటే సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇవ్వాలని మాంత్రికుడు తోట రాముణ్ణి తీసుకెళ్తాడు. రాముడు సంగతి తెలుసుకొని మాంత్రికుణ్ణే బలి ఇస్తాడు. ప్రతిమ రాముడి చేతికి వస్తుంది. తర్వాత ఏమవుతుంది? ప్రతిమ మళ్ళీ మాంత్రికుడి చేతికి పోతుంది. అప్పుడు ఆ దేవత "రాముడు మంచివాడు కదా, నేను నీ మాట వినను" అనదు. మాంత్రికుడి మాటే వింటుంది. కట్టిన మేడా, కట్టుకోబోయే రాకుమారీ రెండూ పోతాయి. రాముడు మళ్ళీ కష్టపడి, స్నేహితుడి సాయంతో, ఎత్తు వేసి దాన్ని సంపాదించుకోవాలి. దేవత హీరో పక్షం వహించి ఉంటే ఆ సినిమాలో చూడ్డానికి ఏమీ మిగిలేది కాదు. మాయ ఉన్నచోటే నియమం ఇంకా గట్టిగా ఉండాలి. నా కథలో మాయలేవీ లేవు. కానీ తండ్రిని మార్చడానికి నేను చేసింది మాయే. అదీ నియమం లేని మాయ.

మనం సిలబస్‌లో చదువుకున్న 'దిద్దుబాటు' తీసుకుందాం. గురజాడ 1910లో రాసిన కథ. అక్కడా ఒక మగవాణ్ణి దారిలో పెట్టాలి. గోపాలరావు రాత్రిళ్ళు ఆలస్యంగా ఇంటికొస్తాడు. కమలిని అతని ముందు నిలబడి ఉపన్యాసం ఇవ్వదు. పుట్టింటికి పోతున్నానని ఉత్తరం రాసిపెట్టి దాక్కుంటుంది. ఆ ఉత్తరం ఎందుకు పనిచేసింది? గోపాలరావు చదువుకున్నవాడు, సంస్కారం ఉన్నవాణ్ణని తన గురించి తాను అనుకునేవాడు. భార్య వెళ్ళిపోయిందంటే అతనికి దెబ్బ తగిలేది అక్కడే. ఆ సంగతి కమలినికి తెలుసు, గురజాడకీ తెలుసు. వేరే మనిషికైతే ఆ ఉత్తరం పనిచెయ్యకపోవచ్చు. ఇంకో విషయం చూడండి. కథ మంచం కిందనుంచి వినిపించే నవ్వు దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత గోపాలరావు జన్మలో మళ్ళీ తప్పు చెయ్యలేదని గురజాడ మాట ఇవ్వలేదు. ఆ ఒక్క రాత్రికి ఎంత జరగగలదో అంతే చెప్పి వదిలేశారు.

చాసో గారి 'వాయులీనం' ఇంకా కష్టమైన కథ. భార్యకి జబ్బు చేస్తుంది. వైద్యానికి డబ్బు లేదు. భర్త ఆమె వయొలిన్ అమ్మేస్తాడు. ఆమె బతుకుతుంది. మిగిలిన డబ్బుతో ఆమెకి చీర తెస్తాడు. అతన్ని దుర్మార్గుడని అనడానికి లేదు, ప్రేమ లేదనీ అనలేం. ఆ ఇంటి ఆదాయం, ఆ జబ్బు, పెళ్ళయ్యాక మూలపడిన ఆ సంగీతం అన్నీ కలిసి వయొలిన్‌ని బజారుకి తీసుకెళ్తాయి. ఎక్కడ ఆపాలో మనకి తోచదు. చదివాక కోపం ఎవరి మీద చూపించాలో తెలియక చాలాసేపు అలాగే కూర్చున్నాను. చివర్లో ఎవరో ధనవంతుడైన మేనమామ వచ్చి వయొలిన్ విడిపించి ఉంటే నాకు ఆ రోజు నిద్ర పట్టేది, కానీ ఆ కథ ఇవాళ గుర్తుండేది కాదు.

ఇక్కడ ఇద్దరు స్నేహితులు నాతో గొడవపడ్డారు. వాళ్ళ మాటల్లోనూ న్యాయం ఉంది కాబట్టి చెప్తాను.

ఒకామె అంది: "జీవితంలో అనుకోనివి జరగవా? మా చిన్నాన్నకి బస్టాండులో కలిసిన మనిషి వల్ల ఉద్యోగం వచ్చింది." జరుగుతాయి. కాదనను. కానీ జీవితంలో జరిగినదాన్ని నమ్మక తప్పదు, ఎందుకంటే అది జరిగింది. కథలో జరిగినదాన్ని నమ్మించాల్సిన పని మనది. నాకు తోచిన పద్ధతి ఒకటి చెప్తాను. అనుకోని సంఘటన కథని మొదలుపెట్టొచ్చు, మనుషుల్ని చిక్కుల్లో పడెయ్యొచ్చు. చిక్కుల్లోంచి బయటికి లాగడానికి మాత్రం దాన్ని పిలవకూడదు.

రెండో ఆమె అంది: "ఆశ ఇవ్వాలి కదా కథ? ఉన్నదున్నట్టు రాస్తే ఎవరు చదువుతారు?" ఇది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆశ ఇవ్వాలి, నిజమే. కానీ నా కథ మన క్లాసు అమ్మాయికి ఇచ్చింది ఆశేనా? బాగా మాట్లాడితే తండ్రి మారతాడని చెప్పింది. ఆమె విషయంలో మారలేదు. అంటే నా కథ ప్రకారం తప్పెవరిది? ఆమెదే. ఆమెకే సరిగ్గా మాట్లాడటం రాలేదు. నేను అలా రాయలేదు, కానీ నా కథ చెప్పింది అదే. లాజిక్ తప్పితే కథ చెడిపోతుందని మాత్రమే అనుకున్నాను. చదివేవాళ్ళకి అన్యాయం జరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

అత్తగారు చివరి పేరాలో హఠాత్తుగా మంచిదైపోయే కథలూ, తాగుబోతు భర్త ఒక్క కన్నీటి చుక్కకి మారిపోయే కథలూ మనం ఎన్ని రాశామో ఈ గోడే సాక్షి. అవి చదివేవాళ్ళలో ఆ ఇళ్ళనుంచి వచ్చేవాళ్ళు ఉన్నారు. పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఈ గోడ ముందు నిలబడేవాళ్ళలో ఉన్నారు.

అందుకే ఆ కథ మళ్ళీ రాయడానికి కూర్చున్నాను. ఈసారి కూతుర్ని పక్కనపెట్టి, ముందు తండ్రిని బేతాళ ప్రశ్న అడిగాను: ఎందుకయ్యా నీకంత తొందర? జవాబులు ఒక్కొక్కటీ వచ్చాయి. వెనక ఇంకో ఇద్దరు ఆడపిల్లలున్నారు. కట్టిన చీటీ డబ్బు ఈ ఏడే చేతికొస్తుంది. అబ్బాయివాళ్ళు కట్నం గట్టిగా అడగలేదు, ఇలాంటి సంబంధం మళ్ళీ వస్తుందో రాదో. ముసలమ్మ మనవరాలి పెళ్ళి చూసి పోతానంటోంది. ఇన్ని కారణాలున్న మనిషి ఒక పేజీ ఉపన్యాసానికి కదలడు. కదిలితే అబద్ధం.

మరి ఏం కదిలిస్తుంది? మాటల్లో ఎదురు చెప్పడం అలవాటు లేని తల్లి, చీటీ డబ్బు తియ్యాల్సిన కాగితం మీద సంతకం చెయ్యకుండా రెండు వారాలు వాయిదా వేస్తుంది. ఆ చీటీ ఆమె పేరు మీదే ఉందని మొదటి పేజీలోనే చెప్పాను. చివరికి పెళ్ళి ఆగలేదు. తేదీ మాత్రం ఆఖరి పరీక్షలు అయ్యాక పెట్టుకున్నారు. అమ్మాయి చేతికి హాల్ టికెట్ వచ్చింది. అంతవరకే నా కథ మోయగలిగింది.

కొత్త ప్రతిని ముందు మన క్లాసు అమ్మాయికే ఇచ్చాను. చదివి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా ఇంట్లో చీటీ ఎవరి పేరు మీద ఉందో అడగాలి" అంది. నవ్వుతూనే అంది, అయినా నాకు ఆ స్టేటస్‌లన్నిటికంటే ఈ మాట ఎక్కువనిపించింది.

వచ్చే సంచికకి కథలు ఇచ్చేవాళ్ళకి ఒక్క మనవి. మేడమ్ చేతికి ఇచ్చేముందు మీ కథని ఒకసారి భుజాన వేసుకొని నడవండి. ముగింపు దగ్గరికి రాగానే ఆగి, వీళ్ళు ఇలా ఎందుకు చేశారని అడగండి. జవాబు కథలో దొరికితే ఇచ్చేయండి. "నాకు అలా కావాలనిపించింది" అనేదే జవాబైతే ఇంకో వారం మీ దగ్గరే ఉంచుకోండి. నా కథలోనూ ఇంకా ఏమైనా దొరికితే క్యాంటీన్ దగ్గర ఆపి అడగండి. ఈసారి జవాబు వెతుక్కొని వస్తాను.